సంగటిలో తీపి

మా నాయనది హిందూపురంలో బెల్లం మండీ. దిమ్మె మూల చిదిపి నాలుక మీద వేసుకుంటే చాలు, పాకం ముదిరిందో లేదో, చెరకు ఉప్పునీళ్లలో పెరిగిందో చెప్పేసేవాడు. ఆయనకు షుగర్ ఉందని తేలాక డాక్టరు తీపి తగ్గించమన్నారు. ఆ రోజు నుంచే టీలో చక్కెర మానేశాడు. మండీలో బెల్లం రుచి చూసి ఉమ్మేసేవాడు. అన్నం బదులు రెండు పూటలా రాగిసంగటి తినడం మొదలుపెట్టాడు. రాగుల్లో చక్కెర ఉండదని ఆయన నమ్మకం. అందుకే ముద్ద రోజురోజుకూ పెద్దదయింది.

రక్తపరీక్షలో చక్కెర ఏమీ తగ్గలేదు. నేను ధర్మవరంలో డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెబుతాను. అన్నమైనా సంగటైనా పిండిపదార్థమేనని, అది కడుపులోకి పోయి గ్లూకోజ్‌గా విడిపోతుందని ఆయనకు చాలాసార్లు చెప్పాను.

"తీపి యాడ ఉంటాదో నువ్వు నాకు చెప్తావా?" అన్నాడు.

ఒక ఆదివారం భోజనాల దగ్గర వాదన మానేశాను. పులుసు తగలని సంగటి తునక ఒకటి నోట్లో పెట్టుకుని, మింగకుండా నమలమన్నాను. మా వైపు సంగటిని ఎవరూ నమలరు, పులుసులో అద్ది మింగేస్తారు. నాయన కళ్లు మూసుకుని నమిలాడు. చాలాసేపటికి దవడలు ఆగాయి.

"సన్నగా తీపి వస్తాండాది," అన్నాడు.

లాలాజలం పిండిని చక్కెరగా మారుస్తోందని చెప్పాను. నాయన ముద్దలో సగం తుంచి అమ్మ కంచంలో పెట్టాడు.

కానీ ఆయన ఏదీ సగంలో ఆపే మనిషి కాదు. కొద్ది రోజులకే సంగటి పూర్తిగా మానేసి ఆకుకూర, మజ్జిగతో సరిపెట్టుకున్నాడు. మాత్రలు మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నాడు. పెనుకొండలో బంధువుల పెళ్లికి వెళ్లినప్పుడు, పందిట్లో కూర్చున్నవాడు చెమటలు పట్టి, చేతులు వణుకుతూ పక్కకు ఒరిగాడు. మాట తడబడుతోంది గానీ మింగగలుగుతున్నాడు. తిండి తగ్గి, మాత్రలు తగ్గక ఒంట్లో చక్కెర మరీ పడిపోయిందని అర్థమై, వంటవాళ్ల దగ్గర చక్కెర తీసుకుని నీళ్లలో కలిపి తాగించాను. కాసేపటికి తేరుకున్నాడు.

"ఇదే కదమ్మా వద్దంటివి," అన్నాడు ఖాళీ గ్లాసు నా చేతికిస్తూ.

అమ్మ ఏడుస్తోంది. నాకు భయం తర్వాత వేసింది, కారులో ఆసుపత్రికి వెళుతుండగా.

డాక్టరు మాత్ర మోతాదు తగ్గించి, పూటపూటా చిన్న ముద్ద తినాల్సిందేనన్నారు. ఇప్పుడు చక్కెర చాలావరకు అదుపులో ఉంది. మధ్యాహ్నం అమ్మ మండీకి ఫోన్ చేస్తుంది. ఆయన తిన్నాడని పనివాళ్లు చెబితేగానీ తను కంచం ముందు కూర్చోదు.