మూడో పిల్ల

గొర్రెలాయన భార్య పొద్దున లేస్తూనే, ముఖమైనా కడుక్కోకుండా దొడ్డిలోకి వెళ్లి, గొర్రెపిల్లల పొట్టలు ఒక్కొక్కటే అరచేత్తో తడిమి చూస్తుంది. పొట్ట వీపుకు అంటుకుపోయినదాన్ని చంకనెత్తుకుని వచ్చి, పీటమీద కూర్చుని సీసాతో పాలు పడుతుంది. ఈతకు ఎక్కువ పిల్లలు పుట్టే పరాయి జాతి పొట్టేలును భర్త తెచ్చి నాటు మందలో కలిపాడు. ఆ సంకరానికి పుట్టిన గొర్రెలు ఇప్పుడు ఈతకు మూడేసి పిల్లల్ని వేస్తున్నాయి. పొదుగుకు చన్నులు మాత్రం రెండే, పాలు ఆ రెండు పిల్లలకే చాలీచాలవు. నాటు గొర్రె ఒక్కదాన్నే ఈనేది గానీ, ఆ ఒక్కటీ బలిసి గంతులేసేది. ఈమె ఒంటిని ఎంత రుద్దినా పులిసిన పాల వాసన వదలడం లేదు.

మొన్న ఆ సంకరపు పొట్టేలు ఒకదాన్ని కొనడానికి ఒకాయన వచ్చే వేళకే మూడో పిల్ల ఒకటి ఆమె ఒళ్లో ప్రాణం విడిచింది. "పక్క గొర్రె పిల్లను తెచ్చి దీని తల్లి దగ్గర నిలబెట్టు, మూడూ ఉన్నట్టు కనబడాలి," అన్నాడు భర్త గొంతు తగ్గించి. ఆమె నిలబెట్టింది. తల్లి గొర్రె కొనేవాడి ఎదుటే వాసన చూసి దాన్ని ఒక్క కుమ్ము కుమ్మింది. "తొలి ఈత కదండీ, ఇంకా అలవాటు పడలేదు," అని నవ్వేశాడు భర్త. వచ్చినాయన ఆమె వైపు తిరిగి, "మూడూ బతుకుతాయా అమ్మా?" అని అడిగాడు.

"పొట్టేలుతో పాటు పాలసీసా కూడా పట్టుకెళ్లు నాయనా. వీలైతే నాలాంటిదాన్ని ఒకదాన్ని కూడా," అంది.

మగాళ్లిద్దరూ పగలబడి నవ్వారు. బేరం కుదిరింది. ఆయన వెళ్లగానే భర్త కస్సుమన్నాడు. "నోరు మూసుకుని ఉండలేవా? బేరం పోయుంటే?"

"పోలేదుగా," అంది ఆమె, గొయ్యి తవ్వడానికి పలుగు అందుకుంటూ.