గాలి ఎక్కువైన కొలిమి

“తాళం ఇయ్యవ్వా. రేపు పొద్దున అమ్మ బడికి పోవాల.”

“బస్సుండాది. బస్సులో పోతాది.”

“రెండు బస్సులు మారాల. ఇదంతా అమ్మ కోసమే గదా చేయించినా? ఆ బండల లారీల ఎనకాల గుట్టెక్కేటప్పుడు కారు రొప్పుతాంటే, దాటుకొని పోలేక అమ్మ ఎంత బయపడతాదో నీకేం తెలుసు?”

“అమ్మ కోసమైతే మస్తాన్ చెప్పిన మాట ఇను. పెట్రోలు సరిచేసేదాకా కదిలించొద్దన్నాడా లేదా?”

“మెల్లగా పోతే ఏం కాదు. అసలు సూపర్‌ఛార్జరంటే ఏందో తెలుసా నీకు?”

“తెలుసురా. తిత్తి.”

మా మనవడు రఘు నవ్వాడు. నేను నవ్వలేదు. తాళంచెవి నా కొంగు ముడిలో ఉంది.

కల్లూరులో మా ఇంటి ముందర ముందుమూత ఎత్తి నిలబెట్టిన ఆ కారులో మా కోడలు సుజాత రోజూ బేతంచెర్ల దగ్గరి బడికి పోతుంది. దారిలో ఇంకో ముగ్గురు పంతులమ్మలు ఎక్కుతారు. వాళ్లు గుట్ట సులువుగా ఎక్కాలని రఘు ఇంజనుకు గాలిని బలంగా తోసే యంత్రం పెట్టించాడు. ఇంజను తిరిగితే ఒక బెల్టు దాన్ని తిప్పుతుంది. అది గాలిని లోపలికి తోస్తుంది, బండికి బలం పెరుగుతుంది. మెకానిక్ మస్తాన్ నిదానస్తుడు. ఇంజను లోపల ఒత్తిడి అన్ని గదుల్లో సమంగా ఉందో లేదో చూసుకున్నాకే పని మొదలుపెట్టాడు. తోసిన గాలి చల్లారడానికి ముందు భాగంలో ఒక జల్లెడలాంటిది బిగించాడు. మొదట్లో గాలి తక్కువే రావాలని ఆ గాలి యంత్రానికి పెద్ద చక్రం వేశాడు. ఒక్క పని మిగిలింది. పెరిగిన గాలికి తగ్గట్టు పెట్రోలు కూడా ఎక్కువ పొయ్యమని కారు కంప్యూటరుకు నేర్పాలి. అది తెలిసినాయన గురువారం గానీ రాడు. షెడ్డులో చోటు లేదని కారును తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చి వదిలారు.

మూత కింది నుంచి కొత్త రబ్బరు వాసన, నూనె వాసన, వాటి అడుగున ఎక్కడో రాపిడి తిన్న ఇనుము వాసన వస్తున్నాయి. ఆ ఇనుము వాసనకే నేను కల్లూరులో లేకుండా పోయాను.

బేతంచెర్ల బండల గనుల పక్కన, నాలుగు గుంజల మీద రెల్లుకప్పు వేసిన మా నాయన కొలిమిలో ఉన్నాను. తెల్లటి రాతి దుమ్ము వేపాకుల మీద, మేకల వీపుల మీద, మా అమ్మ కొప్పు మీద ఒకటే రంగుగా పడేది. ఎండాకాలం పొద్దునపూట అంతమంది బండ కొట్టేవాళ్ల ఉలుల చప్పుడు ఒక్కసారిగా లేస్తే, దూరంగా ఎక్కడో రాళ్ల మీద వాన పడుతున్నట్టు వినపడేది. నేను మూడో తరగతి దాకా చదివి ఆపేసి తిత్తి పట్టుకున్నాను. కొలిమికి గాలి కొట్టే మేకతోలు తిత్తి అది. పగలకుండా నాయన దానికి ఆముదం పట్టించేవాడు. వెచ్చటి తోలు వాసన, ఆముదం వాసన, మధ్యాహ్నం అమ్మ తెచ్చే జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి వాసన కలిసిపోయి, తిత్తి లాగుతూ లాగుతూ నిలబడే నిద్రపోయేదాన్ని. నా చేయి ఆగేది కాదు. కొలిమిలో నిప్పు పడుకున్న ఆవులాగా ఊపిరి తీసేది, వదిలేది. దసరా రోజు తిత్తికి సెలవు. ఇనుము పెట్టి కొట్టే దాగలికి పసుపు కుంకుమ పెట్టి, ఓళిగలు ఎదురుగా పెట్టి, అందరం కూర్చుంటే ఆ ఊపిరి వినపడక నాకేదో తప్పిపోయినట్టుండేది. సాయంత్రాలు రాతి పలుకులతో అచ్చనగండ్లు ఆడేవాళ్లం.

నాయన బూడిద జల్లించి అందులోని బొగ్గుముక్కలు కూడా ఏరించేవాడు. ఒక్క ముక్క పారేస్తే ఆ పూటంతా మాట్లాడేవాడు కాదు. పొదుపు నాకు అక్కడే అబ్బింది.

రోజూ అందరికంటే ముందు బండ కొట్టే ఖాజామామ వచ్చేవాడు, మొండిబారిన ఉలులను తువ్వాలులో చుట్టుకొని. “ఏం బేటీ, నీ గాలితోనే నా కూడు” అనేవాడు. పీర్ల పండగకు వాళ్లింట్లో బెల్లంతో చేసిన చోంగెలు, అవి ఇంకా వేడిగా ఉండగానే, నా ఒళ్లో పోసేవాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు నాయన కర్నూలు నుంచి చేత్తో చక్రం తిప్పితే గాలి కొట్టే ఇనుప పంకా తెచ్చాడు. ఎవరో వాడి అమ్మినది. ఎంత గాలి! తిత్తితో సాయంత్రం దాకా అయ్యే పని మధ్యాహ్నానికే అయిపోయేది. చుట్టుపక్కల కొలిముల వాళ్లు వచ్చి చూసిపోయారు. నేను రాణిలాగా కూర్చొని తిప్పేదాన్ని.

పీర్ల పండగ ఆఖరి రోజు నిప్పుల గుండం చూడ్డానికి పిల్లలందరూ పోతున్నారు. నా ముందు ఇంకా పది ఉలులున్నాయి, అందులో ఖాజామామవి కూడా. బొగ్గుల బండి వచ్చిందని నాయన రోడ్డు మీదికి పోయాడు. కొలిమిలో బొగ్గు అడుక్కు పోయింది. వేయాలి. వేస్తే బొగ్గు ఖర్చయిందంటాడని వేయలేదు. గాలి పెంచితే అదే వేడి వస్తుంది కదా అనుకొని చక్రం బలమంతా పెట్టి తిప్పాను. ఉలుల మొనలు ఎర్రదనం దాటి, పసుపు దాటి, తెల్లబడి, వాటి నుంచి పూలు రాలినట్టు చిటచిటమని రవ్వలు లేచాయి. అంత అందమైనది నేను అంతకుముందు చూడలేదు. ఇనుము కాలిపోతోందని నాకు తెలీదు.

నాయన వచ్చేటప్పటికి నేను గాలి ఆపేశాను, మొనలు మళ్లీ ఎర్రబడ్డాయి. ఆయనా పండగ తొందరలో ఉన్నాడు. గబగబా సాగగొట్టి, నీళ్లలో ముంచి పదును పట్టించాడు. రవ్వలు వచ్చాయని నేను చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ మొనలు విరిచేసి మళ్లీ చేసేవాడు. నేను గుండం దగ్గరికి పరుగెత్తాను.

మరుసటి రోజు గనిలో ఖాజామామ రెండో దెబ్బకే ఉలి మొన చిట్లి, ముక్క ఎగిరి ఎడమ కంటి కింద దిగింది. తువ్వాలు అదిమి పెట్టుకొని కొలిమి దగ్గరికి వచ్చాడు. నాయన విరిగిన చోట చూశాడు. లోపల ఇనుము కాలి, ఇసుకలాగా పలుకులు పలుకులుగా ఉంది. తలెత్తి నా వైపు చూశాడు.

“నేనే అడ్డంగా కొట్టినాలేప్పా” అన్నాడు ఖాజామామ. “పిల్లనేమనొద్దు.”

  ఆ సాయంత్రం నాయన పంకా నుంచి గాలి పోయే గొట్టానికి బెజ్జం కొట్టి, దాని మీద తెరిచి మూసే రేకు బిగించి, నా చేతిని దాని మీద పెట్టాడు. “చూడు పాపా. గాలి పెంచితే బొగ్గు పెంచాల. బొగ్గు లేదంటే ఈ రేకు తీసి గాలి బయటికి వదలాల. బొగ్గు మిగిలిచ్చి గాలి కొట్టినావంటే ఇనుమే బొగ్గయితాది.”

ఖాజామామ కన్ను నిలిచింది కానీ చచ్చేదాకా నీళ్లు కారుతూనే ఉండింది. మరుసటి ఏడు పీర్ల పండగకు కూడా చోంగెలు తెచ్చి నా ఒళ్లో పోశాడు. ఒకటి కొరికి, మిగతావి పిల్లలకు పంచేశాను. 

ఈ మాట మా ఆయనకు కూడా చెప్పలేదు నేను. రఘు తాళం అడిగిన సాయంత్రం గడపలో కూర్చొని వాడికి చెప్పాను. 

“మస్తాన్ గూడా అదే అన్నాడవ్వా. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువయితే లోపల పిస్టను కరిగిపోతాదంట.”

“గుట్ట మీద, లారీ పక్కన, నలుగురు ఆడోళ్లతో కారు నిలిచిపోతే?”

 వాడు లేచి లోపలికి పోయాడు.

మా కొలిమి ఉన్న చోట ఇప్పుడు బండలు నున్నగా చేసే షెడ్డు ఉంది. పోయినేడు సుజాత నన్ను అటు తీసుకుపోయి చూపించింది. రంపం తిరిగే రొద, తెల్లటి బురద నీళ్లు, అంతే. ఉలుల చప్పుడు లేదు. తువ్వాలులో ఉలులు చుట్టుకొని వచ్చేవాళ్లు లేరు. అక్కడ పనిచేసే ఒక పిల్లను తిత్తి చూశావా అని అడిగితే, అదేం జంతువు అవ్వా అంది. ఆ రేకు బిగించిన గొట్టం ఏ పాత సామాన్ల అంగడికి పోయిందో నాకు తెలియదు.

మరుసటి రోజు పొద్దున సుజాత అరగంట ముందే బయలుదేరి బస్టాండుకు షేర్ ఆటో ఎక్కింది. రఘు ఆమె సంచి మోసుకొని రోడ్డు దాకా పోయి వచ్చాడు. తర్వాత కారు మూత ఎత్తి, గాలి యంత్రాన్ని తిప్పే ఆ కొత్త బెల్టు విప్పి, తుడిచి, నేను దండెం కట్టుకునే మేకుకు తగిలించాడు. తాళంచెవి అడగలేదు. గురువారం దాకా అది నా కొంగులోనే ఉంది.