వెనక్కి తెరుచుకునే చొక్కా

కాలరక్క అన్న పేరు కన్నవాళ్ళు పెట్టింది కాదు. రెడీమేడు చొక్కాల కంపెనీలో పంతొమ్మిదేళ్ళు ఆవిడ కుట్టినవి కాలర్లే. చేతులు ఒకరు కుడితే జేబులు ఇంకొకరు. ఆ చొక్కా ఎవరిదో, ఏ మెడకి పోతుందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. ఒక పొద్దున పనికి వెళ్ళేసరికి గేటుకి తలకాయంత తాళం. పంతొమ్మిదేళ్ళ చాకిరీకి ఒక్క మాట చెప్పిన పాపాన పోలేదు యజమాని. గేటుకి ఒక కాగితం అంటించాడు, అదీ వంకరగా.

యాభై దాటిన మనిషిని మళ్ళీ మిషను ముందు ఎవరు కూర్చోబెడతారు? ఇళ్ళలో మంచాన పడ్డవాళ్ళని చూసుకునే పని ఉందని తెలిసి ఒక ఏజెన్సీలో చేరింది. ఆ మాట విని ఆడపడుచు ముక్కు మీద వేలేసుకుంది.

"ఏం వదినా, చివరికి పరాయి మగాడి ముడ్డి కడగడానికి తయారయ్యావా?"

"మీ అన్నయ్యకి నాలుగేళ్ళు కడిగానమ్మా. అప్పుడు నువ్వు గుమ్మం దాటి లోపలికి రాలేదు. వేలు అప్పుడూ ముక్కు మీదే ఉంది, వాసనకి."

ఆడపడుచు ఊరికే పోతుందా? "నెల తిరక్కుండా తరిమేస్తారు, చూస్తూ ఉండు" అని మరీ పోయింది. ఆ మాట కాలరక్క గుండెలో సూది విరిగినట్టు ఉండిపోయింది. ఏమైనా సరే, నెల దాటాలి. ఆ నోటితో ఆ మాట ఇంకోసారి అనిపించుకోకూడదు.

ఏజెన్సీలో మూడు రోజులు పని నేర్పారు. నేర్పింది సూపర్‌వైజరమ్మ, నేర్పింది రబ్బరు బొమ్మ మీద. "చొక్కా తొడిగేటప్పుడు చచ్చుబడ్డ చెయ్యి ముందు, బాగున్న చెయ్యి తర్వాత" అని ఆవిడ ఎక్కం చదివినట్టు చదివేది. బొమ్మ చేతులు ఎటు తిప్పితే అటు తిరిగేవి. బొమ్మకేం, దాని సొమ్మేం పోయింది!

మొదటి ఇల్లు ఒక రిటైరైన రైలు డ్రైవరుది. రెండేళ్ళ కిందట కుడిపక్క మొత్తం పడిపోయింది. మాట పోయింది కానీ తిట్లు మిగిలాయి. మంచినీళ్ళు కావాలంటే వేలు చూపించాల్సిందే, తిట్టు మాత్రం అక్షరం పొల్లుపోకుండా వచ్చేది. ఆ తిట్లకి తట్టుకోలేక అంతకుముందు ముగ్గురు పారిపోయారు. పోతూ పోతూ రోజువారీ పుస్తకంలో రాసి పోయారు: "మొండి మనిషి. బూతులు తిడతాడు. మాట వినడు." కాలరక్క దాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. ఎదుటివాడి నోరు పడిపోయాక వాడి మీద ఏదైనా రాయొచ్చు కాబోలు.

వారం చూసింది. అన్నం పెడితే తిట్టడు. ఒళ్ళు తుడిస్తే తిట్టడు. చొక్కా కుడి చెయ్యి తొడిగేటప్పుడే "గాడిద కొడకా!" అని ఇల్లు ఎగిరిపోయేటట్టు అరిచేవాడు. ఆడా మగా తేడా లేదు, అందరికీ అదే. భుజం తుప్పు పట్టిన తలుపు బందులా బిగుసుకుపోయింది. ఎంత మెల్లిగా ఎత్తినా కంటి చివర నీళ్ళు. మొండితనమా ఇది? చెయ్యి మెలిపెడుతుంటే ఎవడైనా మంత్రాలు చదువుతాడా?

సూపర్‌వైజరమ్మకి ఫోన్లో చెప్పింది. "పుస్తకంలో రాయమ్మా" అని పెట్టేసింది ఆవిడ. డ్రైవరు గారి కూతురికి చెప్పింది. ఆవిడ స్కూలు ఆఫీసులో గుమాస్తా, ఇంట్లో ఉండేది తండ్రీ తనే. "నాన్న కోపం ఈనాటిదా? అలవాటైపోతుందిలే" అని చెప్పులేసుకుని పోయింది.

అంతే, కాలరక్కకి కడుపు మండింది. బీరువా తీసి, అన్నిటికంటే మెత్తగా ఉన్న తెల్ల చొక్కా పట్టుకుంది. వీపు మీద నిలువునా కత్తెర పెట్టింది. మెడ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. పంతొమ్మిదేళ్ళు కాలర్లు కుట్టిన చెయ్యి, కాలరుని కొయ్యాలంటే ఒప్పుకుంటుందా? కళ్ళు మూసుకుని కోసింది. అంచులు మడిచి కుట్టింది. గుండీలు పెడితే వీపుకి గుచ్చుకుంటాయని పక్కకి నాడాలు పెట్టింది. ముందు నుంచి రెండు చేతులూ దూర్చి వెనక కట్టెయ్యడమే, భుజం ఎత్తే పని లేదు.

తొడిగింది. డ్రైవరు గారు తిట్టడానికి నోరు తెరిచి, తిట్టేందుకేమీ లేక మూసుకున్నారు.

సాయంత్రం కూతురు వచ్చేసరికి తండ్రి కిటికీ దగ్గర కుర్చీలో తెల్లచొక్కాతో, నిలబడ్డ కాలరుతో కూర్చుని ఉన్నాడు. ఆవిడ ముఖం వెలిగింది. దగ్గరికి వచ్చి వీపు చూసింది.

"ఎవరు కోశారు దీన్ని?"

"నేనేనమ్మా. చెయ్యి నొప్పి..."

"అది నాన్న రిటైరైన రోజు చొక్కా! ఆయన పోయేటప్పుడు వేద్దామని దాచుకున్నా! నిన్నెవరు ముట్టుకోమన్నారు?"

అడక్కుండా కొయ్యడం తప్పే. కంపెనీలో ఏ చొక్కాకీ సొంతదారు ఉండేవాడు కాదు, చేతికి వచ్చిన గుడ్డని కుట్టెయ్యడమే అలవాటు. ఆ తప్పు కాలరక్క ఒప్పుకునేదే. కానీ ఆ 'పోయేటప్పుడు' అన్న మాట విన్నాక నోరు ఆగలేదు.

"పోయేటప్పుడు వేసే చొక్కా మీద ఇంత ప్రేముందే, ఉన్న చెయ్యి మీద లేదేమమ్మా?"

కూతురు రాత్రే ఫోను చేసిందట, మర్నాడు పొద్దున్నే సూపర్‌వైజరమ్మ దిగింది. నిలబడే తీర్పు చెప్పింది.

"ఇవాళ్టితో ఈ ఇంట్లో నీ పని ఆఖరు. మొదటి ఇంట్లోనే ఫిర్యాదంటే మా పుస్తకాల్లోంచే పేరు కొట్టేస్తాం."

నెలకి ఇంకా ఇరవై రోజులున్నాయి. ఆడపడుచు ముఖం కళ్ళముందు ఆడింది. అయినా బతిమాలలేదు.

"పోతాను మేడం. పోయేముందు మీ పద్ధతిలో మీరొక్కసారి తొడిగి చూపించండి. నేర్చుకుని పోతా."

"దీనికేం బ్రహ్మవిద్య కావాలా?" అంటూ ఆవిడ కొయ్యని చొక్కా ఒకటి తెప్పించింది. చచ్చుబడ్డ చెయ్యి ముందు. చెయ్యి పట్టుకుని ఎత్తింది.

"గాడిద కొడకా!"

"కాస్త ఓర్చుకోండి సార్, అయిపోయింది."

అయిపోలేదు. మోచెయ్యి దగ్గర గుడ్డ బిగిసింది. ఆవిడ లాగింది. డ్రైవరు గారు తనకున్న తిట్లన్నీ తిట్టారు. తిట్లు అయిపోయాయి. అప్పుడు ఆయన నోట్లోంచి, రెండేళ్ళుగా ఎవరూ వినని మాట వచ్చింది.

"అమ్మా... అమ్మా..."

కూతురు గుమ్మం పట్టుకుంది. "వదిలెయ్యండి మేడం," అంది. సూపర్‌వైజరమ్మకి వినపడలేదో ఏమో, ఇంకా లాగుతోంది. "వదిలెయ్యమంటున్నానా! చెయ్యి తియ్యండి ముందు!"

కాలరక్క ఎవరినీ అడగకుండా ముందుకి వచ్చి, ఆ చొక్కా తీసేసి, వెనక్కి తెరుచుకునేది తొడిగి నాడాలు కట్టింది. గదిలో ఒక్క తిట్టు లేదు. కూతురు తప్పయిందన్న మాట అనలేదు. అలాంటివాళ్ళ నోటికి ఆ మాట రాదు. బీరువా తెరిచి, మిగతా చొక్కాలన్నీ తెచ్చి మంచం మీద పడేసింది.

సూపర్‌వైజరమ్మ చెమట తుడుచుకుంది. "సరే, పనిలో ఉండు, కానివ్వు. ఈ కొయ్యడాలవీ పుస్తకంలో మాత్రం రాయకు. నమూనాకి ఒకటి కుట్టివ్వు, బొమ్మకి వేసి మిగతావాళ్ళకి నేర్పిస్తాను."

"బొమ్మకెందుకు మేడం, దానికి నొప్పుందా?"

ఆవిడ గుమ్మం దిగాక, కాలరక్క పుస్తకం తెరిచి "మొండి మనిషి" అన్న చోట కాగితం చిరిగేటట్టు గీత కొట్టింది. కింద పెద్ద పెద్ద అక్షరాలతో, వంకరటింకరగా, "కుడి భుజం నొప్పి. ఎత్తొద్దు. చొక్కాలు కోశాను" అని రాసింది. తరవాత కత్తెర తీసుకుని కూతురి వైపు తిరిగింది.

"కాలరు కూడా కొయ్యాలమ్మా. కొయ్యనా?" ఈసారి అడిగింది. గొంతులో మంట మాత్రం తగ్గలేదు.

"కొయ్యి," అంది కూతురు, గోడ వైపు చూస్తూ.