దూలంలో మామయ్య వేసిన చువ్వలు

మా మామయ్య ముప్పై ఎనిమిదేళ్లు ఊరందరి ఇళ్లకూ ఇనుప చువ్వలు వంచాడు. కోసిన చివర చూస్తే చాలు, అది మంచి సరుకో, తుక్కు కరిగించి పోసిందో చెప్పేసేవాడు. అరవయ్యో ఏట సొంతానికి రెండు గదులు మొదలుపెట్టాడు. ముందు గది నాకూ మా ఆయనకూ మా ఏడు నెలల పాపకూ, వెనకది తనకూ.

కొట్లో అన్నిటికన్నా గట్టి రకం చువ్వలు అడిగాడు.

"బాబాయ్, కట్టేది ఇల్లా, కోటా? దీని కింది రకం చాలదూ? వంచేటప్పుడు చెప్పిన మాట వింటుంది," అన్నాడు కొట్టతను.

"కింద పడుకునేది నా మనవరాలురా. నీ సలహా నీ దగ్గరే ఉంచుకో."

ఆ గట్టిదనమే మా కొంప ముంచింది. దూలం చువ్వలు బొటనవేలంత లావు. మామయ్య కుడిచెయ్యి రెండేళ్లుగా భుజం దాటి లేవడం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తన ఇంటి ఇనుము మరొకరి చేత వంపించడానికి మనసొప్పలేదు.

కొత్త ఇంట్లోకి మారిన నెలకు, పెరట్లో కమిలిపోయిన చువ్వ ముక్క ఒకటి నా కంటబడింది.

"మామయ్యా, దీన్ని కాల్చారా?"

"ఎర్రగా కాల్చే వంచానమ్మా. వెన్నలా వంగింది. మా మేస్త్రి నేర్పిన పనే."

"దూలానివన్నీ అలాగేనా?"

"అన్నీ. ఏంటమ్మా, లెక్క తప్పు పట్టిన టీచరులా చూస్తావు?"

ఆయన పని నేర్చుకున్న నాటి ఇనుము వేరు. ఇప్పటి చువ్వను కర్మాగారంలో వేడిగా ఉండగానే నీళ్లతో చల్లార్చి, పైపొరను గట్టిపరుస్తారు. మళ్లీ ఎర్రగా కాలిస్తే ఆ బలం పోతుంది. నేను పనిచేసే కాలేజీ ల్యాబులో ఆ ముక్కను యంత్రానికి బిగించి లాగి చూశాను. కాల్చనిదానికన్నా మూడో వంతు తక్కువ బరువుకే సాగిపోయింది.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

ఇంజనీరు వచ్చి దూలం కింద రెండు ఇనుప గుంజలు ఆనించాడు. "పగలగొట్టి మళ్లీ పొయ్యాలి. అప్పటిదాకా ఇది నిలబడుతుందని నేను మాటివ్వలేను," అన్నాడు. మళ్లీ పోసే శక్తి మాకు లేదని అందరికీ తెలుసు.

పాప ఉయ్యాలను, దూలం లేని వెనక గదిలోకి మార్చాం. ఆ సాయంత్రం మామయ్య తన మంచాన్ని ఒంటిచేత్తో ఈడ్చుకొచ్చి, ముందు గదిలో, ఆ రెండు గుంజల మధ్య వేసుకున్నాడు.

"అక్కడొద్దు మామయ్యా."

"మరింకెవర్ని పడుకోబెడతావమ్మా?" అంటూ గోడవైపు తిరిగిపోయాడు.