గరిటె ఫోటోల దగ్గర తెగిన లైను

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో నేను కోరుట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. ఆ ఏడాది ఆఫీసు కంప్యూటర్‌కు వింత రోగం పట్టుకుంది. ఎప్పుడో చదివేసిన మెయిళ్లన్నీ రోజూ మళ్లీ కొత్తగా దిగేవి.

మా టైపిస్టక్కది బుగ్గారం. కొత్తదన్న గుర్తుగా లావు అక్షరాల్లో కనిపించిన ప్రతి మెయిలునూ ప్రింటు తీసి నోటీసు బోర్డుకు అంటించేది. ఒక మధ్యాహ్నం 'రేపటి పరీక్ష వాయిదా' అన్న యూనివర్సిటీ కాగితం అంటించింది. బంద్‌లకు పరీక్షలు వాయిదా పడటం అప్పుడు మామూలే. పిల్లలు జై తెలంగాణ అంటూ కాలేజీ ఖాళీ చేశారు. తీరా చూస్తే అది రెండు నెలల కిందటి కాగితం. పరీక్ష మర్నాడే ఉంది!

సాయంత్రం దాకా ఇంటింటికీ ఫోన్లు చేశాం. "ఉద్యమాన్ని ఆపుదామని గిట్ల చెప్తున్నరా సార్?" అని ఒకడు నన్నే నిలదీశాడు. చివరికి అందరూ తిట్టుకుంటూనే వచ్చి రాశారు.

"ఏందయ్యా గీ కథ?" అన్నాడు ప్రిన్సిపాల్.

మెయిళ్లు దిగుతుంటే కూర్చుని చూశాను. ప్రతిసారీ ఒకే మెయిలు దగ్గర, దాని బరువు మోయలేక ఇంటర్నెట్ లైను తెగుతోంది. అన్నీ దిగితే తప్ప ఏవేవి దింపిందో ఆ ప్రోగ్రాం గుర్తు పెట్టుకోదు. దాంతో మళ్లీ మొదటికి. ఆ అడ్డం పడ్డది జగిత్యాల ఫోటో స్టూడియో వాళ్లు పంపిన మెయిలు. ఉద్యమం కోసం రోడ్డు మీద చేసిన వంటావార్పులో మా ప్రిన్సిపాల్ గరిటె తిప్పుతున్న పద్దెనిమిది ఫోటోలు!

"దీన్ని తీసెయ్యాలె సార్," అన్నాను.

"అదేమన్న చెత్తనా? రేపు తెలంగాణ అచ్చినంక నేనేం జేసిన్నంటే ఏం సూపెట్టాలె?"

"మీరు గరిటె పట్టింది ఫోటో దిగెదాకనే గద సార్," అంది టైపిస్టక్క, టైపు ఆపకుండానే.

ప్రిన్సిపాల్ జగిత్యాల నుంచి ఫోటోల సీడీ బస్సులో తెప్పించుకుని, బీరువాలో పెట్టి తాళం వేశాకే ఒప్పుకున్నాడు. మెయిల్ వెబ్‌సైటులోకి వెళ్లి ఆ ఒక్క మెయిలూ తీసేశాను. మర్నాడు నాలుగే మెయిళ్లు దిగాయి.

"గియ్యేనా? గిప్పుడు బోర్డుకేం అంటియ్యాలె?" అంది టైపిస్టక్క దిగులుగా.

తారీఖు చూసి అంటించమన్నాను. ఆనాటి నుంచి ప్రతి కాగితం మీదా తారీఖు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేది, ఆఖరికి తన సెలవు చీటీ మీద కూడా.