ఎండుచేపల దగ్గర అన్న ఒక్క మాట

కరోనా రోజుల్లో కళింగపట్నంలోని అత్తారింటికి వెళ్ళాను. భయంకొద్దీ ముక్కుకి అరసీసా బామ్ పట్టించి, పైన మాస్కు కట్టాను. తీరమంతా చేపలు ఎండుతున్నాయి. బామ్ ఘాటు సంగతి మరిచి, మామగారిని మెచ్చుకుందామని, "ఏటి మావా, నీ ఎండుచేపలు వాసనే రావట్లేదు!" అన్నాను.

వాసన తెలియకపోతే కరోనా వచ్చినట్టేనని అప్పటికి ఊరంతటికీ తెలుసు. "ఓలమ్మా, ఈడికి అంటీసినాది! తరమండ్రా!" అని ఒకామె అరిచింది. అంతే, ఊరితోపాటు బంగాళాఖాతం కూడా నా మీదికి లేచింది. అందరికంటే ముందు తెడ్డెత్తినవాడు నా బావమరిది.

"నానేటి సేసినానురా?" అన్నాను పరిగెడుతూనే.

"నాకేటి తెలుసు బావా! అందరికీ కోపమొచ్చినాది, నాకూ వచ్చీసినాది!"

నాకు జబ్బు లేదని తర్వాత తేలింది. ఆ కోపం మాత్రం అప్పుడే అంటుకుంది. ఊరు దాటగానే, నన్ను ఎక్కించుకున్న ఆటో అతన్ని ఊరికే తిట్టిపోశాను. అతను దాన్ని శ్రీకాకుళమంతా అంటించే ఉంటాడు.