లాకుల్లేని కాలవ

మా నానమ్మ దృష్టిలో సముద్రం ఎప్పుడు పడితే అప్పుడు ముట్టుకునేది కాదు. పర్వదినాల్లోనే ముట్టుకోవాలి. ఆదివారాలు గుంటూరు నుంచీ, మా తెనాలి నుంచీ సూర్యలంక వెళ్ళి, చిప్సు తింటూ, సెల్ఫీలు దిగుతూ కెరటాల్లో గెంతే జనాన్ని చూస్తే ఆవిడకి జాలి. "తడవడమే గానీ వాళ్ళకి ఒరిగేదేం లేదు," అనేది. ఆవిడ మాత్రం రేపల్లె నుంచి తెనాలికి కోడలిగా వచ్చిన ఏడాది మొదలుకుని ఒక్క కార్తీక పౌర్ణమీ వదల్లేదు. తెల్లవారుజామునే బాపట్లలో రైలు దిగడం, ఆటోలో ఇరుక్కుని సూర్యలంక చేరడం, మూడు మునకలు వేసి తడి చీరతోనే దీపం వదలడం. జ్వరం వచ్చిన ఏడు కూడా వెళ్ళింది. వెళ్ళొచ్చాక జ్వరం తగ్గిందని చెప్పుకుంటుంది గానీ, ఆ తర్వాత వారం రోజులు మంచం దిగలేదని మా అమ్మ అంటుంది.

నేను చదువు కోసం ఇటలీ వెళ్ళిన ఏడాదే ఆవిడ మోకాలికి ఆపరేషన్ అయింది. ఇసుకలో నడవడానికి వీల్లేదని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పటి నుంచి ఇంట్లో ఆవిడ ముందు కార్తీకమాసం మాట ఎత్తాలంటే అందరికీ భయం. నాన్నకి ఒక ఉపాయం తోచింది. తనే పొద్దున్నే సూర్యలంక వెళ్ళి, మంచినీళ్ళ క్యాను నిండా సముద్రపు నీళ్ళు తెస్తాడు, నానమ్మ పెరట్లోనే కుర్చీలో కూర్చుని స్నానం చేయొచ్చు.

"క్యానులో సముద్రం ఏంట్రా? అదేమన్నా కిరసనాయిలా?" అంది నానమ్మ. "అల లేకపోతే అది ఉత్త ఉప్పునీళ్ళు. ఆ మాత్రానికి బాపట్ల దాకా దేనికి, మీ ఆవిడ వంటింట్లో ఉప్పు లేదా?"

అలా నాన్న నోరు మూయించి, ఆ సాయంత్రం నాకు వీడియో కాల్ చేసింది.

"అమ్మాయ్, మీకక్కడ సముద్రం ఉందా?"

ఉందన్నాను. నేనుండే బొలోన్యా ఊళ్ళో సముద్రం లేదు గానీ, పొద్దున్నే రైలెక్కితే రిమిని అనే ఊరు వస్తుంది, అక్కడంతా బీచే.

"అది మన సముద్రమేనా?"

ఇది జవాబు చెప్పాల్సిన ప్రశ్న అనుకోలేదు నేను. ఆవిడ మాత్రం కళ్ళద్దాలు పెట్టుకుని మరీ అడిగింది. ఫోన్లో మ్యాపు తెరిచి చూపించాను. ఇది రిమిని, ఇలా కిందికి వస్తే మధ్యధరా సముద్రం, ఇదిగో సూయజ్ కాలవ, ఇది దాటితే ఎర్రసముద్రం, ఇలా తిరిగొస్తే సూర్యలంక.

కాలవ అనగానే ఆవిడ ముఖం చిట్లించింది. రేపల్లె కాలవల పక్కన పెరిగిన మనిషి. నీళ్ళు వస్తాయో రావో, ఎవరు ఎక్కడ ఆపుతారో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఆ కాలవకి లాకులున్నాయా?"

వెతికి చూశాను. లేవు.

"లాకుల్లేకపోతే ఆపేదేముంది? అదే నీళ్ళు," అంది. ఆ తర్వాత మాట చాలా మామూలుగా అనేసింది. "పౌర్ణమి నాడు నా పేరు చెప్పుకుని అక్కడ మునుగు. నువ్వు మునిగితే నేను మునిగినట్టే."

మా నానమ్మ దగ్గర శాస్త్రం ఆవిడకి ఎటు కావాలంటే అటు వంగుతుంది. ముప్ఫై మైళ్ళు దాటొచ్చిన క్యాను నీళ్ళు పనికిరావు, ఖండాలు దాటి మనవరాలు వేసే మునక పనికొస్తుంది. నవంబరులో అక్కడ నీళ్ళు గడ్డకట్టినంత చల్లగా ఉంటాయని చెబితే, "కార్తీకమాసంలో చల్లగా కాక ఎలా ఉంటాయి?" అంది. నేను మునిగేదాకా తను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనంది. నాకు ఇంకో దారి లేకుండా పోయింది, ఎందుకంటే ఆవిడకి షుగరు. తిన్నాక గానీ మాత్ర వేసుకోకూడదు. నాకు రైలు తప్పిపోతే తెనాలిలో ఆవిడ కళ్ళు తిరిగి పడుతుంది.

రైలు తప్పిపోలేదు. నాతో పాటు చదివే పోలండ్ అమ్మాయి తోడొచ్చింది. చల్లటి నీళ్ళలో మునగడం వాళ్ళ ఊళ్ళో సరదా అట. చూడీదారు మీద చున్నీ కూడా నడుముకి బిగించి కట్టుకుని మునగడం ఏమిటన్నదే ఆ అమ్మాయికి అర్థంకాలేదు. ఈత డ్రెస్సులో కార్తీక స్నానం చేస్తే అవతల ఫోన్లో ఉన్న మనిషి ఊరుకోదని చెప్పాను.

మేం చేరేసరికి సూర్యుడు నీళ్ళలోంచి అప్పుడే పైకొస్తున్నాడు, అచ్చం మన సూర్యలంకలో లాగే. మనిషన్నవాడు లేడు. వేసవిలో గొడుగులు వేసి అద్దెకిచ్చే కొట్లన్నీ మూసేసి ఉన్నాయి. ఫోన్ చేశాను. తెనాలిలో పొద్దెక్కింది. నానమ్మ పెరట్లో కుర్చీలో కూర్చునుంది, ముఖం వాడిపోయి ఉంది. వెనకాల నాన్న. ఎవరూ అడగకపోయినా పొద్దున్నే వెళ్ళి తెచ్చిన క్యాను ఆయన కాళ్ళ దగ్గరుంది.

"ఇంకా ఎండిపోయే ఉన్నావేంటి? దిగు," అంది నానమ్మ.

ఫోన్ నేస్తం చేతికిచ్చి, చెప్పులు విప్పి దిగాను. పాదం పెట్టగానే ప్రాణం పోయినంత పనైంది. పళ్ళు వాటంతటవే కొట్టుకోవడం మొదలుపెట్టాయి. పైగా ఆ ఊరి సముద్రం లోతు లేనిది. ఎంత నడిచినా నీళ్ళు మోకాళ్ళు దాటవు. మునగాలంటే నడుము లోతైనా కావాలి కదా అని, నానమ్మనీ, సూయజ్ కాలవనీ, ఆ కాలవ తవ్వినవాళ్ళనీ తిట్టుకుంటూ నడిచాను. ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే ఒడ్డున నా నేస్తం చిన్నగా కనపడుతూ, ఫోన్ వైపు చూసి నవ్వుతూ చెయ్యి ఊపుతోంది. ఇద్దరికీ స్నేహం కుదిరిందనుకున్నాను.

చివరికి నడుము లోతు దొరికింది. నానమ్మ పేరు చెప్పి మూడు మునకలు వేశాను. మూడోసారి లేచేటప్పటికి నా పేరు కూడా నాకు గుర్తులేదు.

ఒడ్డుకొచ్చాక నా నేస్తం నా మీద తువ్వాలు కప్పి, మీ నానమ్మ చాలా మంచావిడ, నువ్వు వెళ్ళినంతసేపూ నాకు చెయ్యి ఊపుతూనే ఉంది, నేనూ ఊపాను అని చెప్పింది. ఎలా ఊపింది అని అడిగితే చేసి చూపించింది. చెయ్యి బోర్లించి, వేళ్ళన్నీ తన వైపుకి లాగుతూ. అది మనవాళ్ళు వెనక్కి రమ్మని పిలిచే పద్ధతి.

ఫోన్ లాక్కుని చూశాను. నానమ్మ ఆ కుర్చీలోనే ఉంది. తల నుంచి నీళ్ళు కారుతున్నాయి. చీర ఒంటికి అంటుకుపోయి ఉంది. పక్కన క్యాను ఖాళీగా పడి ఉంది.

"నువ్వలా వణకడం చూసి ఆగలేకపోయిందమ్మా," అన్నాడు నాన్న. "పిల్లని వెనక్కి పిలవమని ఆ అమ్మాయికి చెప్పి చెప్పి, ఆ అమ్మాయి నవ్వుతుంటే, ఇక క్యాను పొయ్యమంది. నా స్నానం అయిపోయిందని చెబితేనన్నా అది బయటికొస్తుంది అని."

నానమ్మ నా తల వైపు చూసింది.

"మునిగావా?"

"మూడు మునకలూ వేశాను."

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది, ఆ నీళ్ళు ఏవో నాకు తెలియలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఎన్నేళ్ళ పట్టుదల అది, జ్వరానికి కూడా లొంగనిది, నా పళ్ళు కొట్టుకుంటే లొంగిపోయింది.

"క్యాను నీళ్ళు ఉత్త ఉప్పునీళ్ళన్నావుగా నానమ్మా," అన్నాను, ఏడుపు బయటపడకుండా.

"సూర్యలంక నుంచి మన పెరటి దాకా లాకులేమన్నా ఉన్నాయా ఏంటి?" అంది ఆవిడ. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "ఇక కాఫీ తాగనా అమ్మాయ్?"

"తాగు నానమ్మా."

"మీ అమ్మకి కూడా నువ్వే చెప్పు. ఇవాళ్టికి ఒక్క చెంచా పంచదార వెయ్యమను."